ఘంటసాల తూర్పు వాకిట రాతి మండపం

ఘంటసాల మహాచైత్యం తూర్పు వాకిట ఒకప్పుడు రాతి మండపం కట్టారన్న సంగతి నాగార్జునకొండ శాసనం ఒకటి చెబుతుంది. అక్కడ ఒక చైత్యగృహం రాతి నేల మీద చెక్కిన పొడవాటి ప్రాకృత శాసనం అది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరం నాటిది, అంటే క్రీ.శ. 3వ శతాబ్దిది. వేయించినది బోధిసిరి అనే ఉపాసిక. ఊరూరా తాను చేయించిన పనుల్ని వరసగా చెప్పించింది. కంటకసోల మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం అందులో ఒకటి. ఆ కంటకసోలే మన ఘంటసాల.

ఆ జాబితాను నెమ్మదిగా చదవాలి. సింహళ విహారంలో బోధివృక్షానికి ప్రాసాదం. దేవగిరి మీద ధ్యానశాల. పూర్వశైలంలో చెరువు. మహావిహారంలో మాత్రం ఒక్క మండప స్తంభం. నాకు ఈ ఒక్క స్తంభం దగ్గరే కన్ను ఆగిపోతుంది. మండపం కట్టించిన చోట మండపమని, స్తంభం ఇచ్చిన చోట స్తంభమని రాయించింది. మండపమంతా తన ఖాతాలో వేసుకోలేదు. వాటా ఎంతో అంతే.

శాసనం చివరికి వచ్చేసరికి నా మెప్పు రెట్టింపవుతుంది. ఆ చైత్యగృహం పని దగ్గరుండి చూసిన ముగ్గురు నవకమ్మికుల పేర్లు అక్కడ ఉన్నాయి. నవకమ్మికుడంటే కట్టుబడి పనుల మీద అజమాయిషీ చేసే భిక్షువు. చందముఖ, ధమ్మనంది, నాగ అనే థేరులు వాళ్లు. ఆ తర్వాత రాతిపని చేసిన విధికుడి పేరు కూడా ఉంది. సొమ్ము బోధిసిరిది, అజమాయిషీ సంఘానిది, ఉలి విధికుడిది, లెక్కపెట్టిన సంవత్సరం రాజుది. ఇన్ని చేతులు పడ్డ పనిలో ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో తికమక లేకుండా చెప్పిన తీరు చూస్తే, ఈ శాసనం రాసినవాడు కూడా మంచి పనివాడే అనిపిస్తుంది.

ఇప్పుడు మనం పీపీపీ (ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం) అని పిలుచుకునే పద్ధతిలో అసలు చిక్కంతా ఇక్కడే ఉంటుంది. ప్రభుత్వం ఏమిస్తుంది, ప్రైవేటువాళ్లు ఏం పెడతారు, పని ఎవరు చూస్తారు, నష్టం వస్తే ఎవరు మోస్తారు, చివరికి ఆస్తి ఎవరిది? 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సులు నడిపింది ప్రైవేటు సంస్థ. ప్రభుత్వం డబ్బు పెట్టింది. రోగి ప్రాణం దక్కడానికి రెండూ కావలసివచ్చాయి. మన బందరు రేవుకు 2008లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగింది. మొదట అనుకున్నది ప్రైవేటు సంస్థ కట్టి నడిపే పద్ధతి. ఆ ఒప్పందం 2019లో రద్దయింది. తర్వాత మారిటైమ్ బోర్డు ద్వారా ప్రభుత్వమే కట్టించే పద్ధతి వచ్చింది. అదే సముద్రం, అదే మంగినపూడి తీరం. వాటాలు రాసుకున్న తీరు మాత్రం మారింది. ఏ పద్ధతి మేలన్నది పెద్ద చర్చ. వాటా స్పష్టంగా, నలుగురూ చదవగలిగే చోట రాసి ఉండాలన్నదానికి మాత్రం రెండో మాట లేదు.

ఇంకో సంగతి. ఇవాళ్టి శిలాఫలకాల మీద మంత్రులు ఉంటారు, ఎంపీలు, ఎమ్మెల్యేలు, కలెక్టరు ఉంటారు. కట్టిన మేస్త్రీ పేరు ఉండదు. విధికుడి పేరు పద్దెనిమిదొందల ఏళ్ల నాటి రాతి మీద ఉంది.

మళ్లీ ఘంటసాలకు వస్తే, అక్కడ దొరికిన శాసనాలు చిన్నవి. ఫోగెల్ అనే శాసన పండితుడు వాటిని చదివి ప్రకటించాడు. కంటకసోలలో ఉండే బుద్ధిసిరి అనే గృహపతి రాతి మండపం, గంధకుటి (బుద్ధుడి మందిరం), వేదిక, తోరణం చేయించాడని ఒకటి చెబుతుంది. (బోధిసిరి వేరు, ఈ బుద్ధిసిరి వేరు.) మరొకదాంట్లో శివకుడనే మహానావికుడు కనిపిస్తాడు. క్రీ.శ. 2వ శతాబ్దిలో టాలెమీ తన భూగోళ గ్రంథంలో కొంటకొస్సిల అని రాసిన వర్తకపట్టణం ఈ కంటకసోలే. ఓడల మీద వచ్చిన సొమ్ము ధర్మకార్యంలోకి ఎలా చేరిందో ఆ మహానావికుడి పేరు చూస్తే తెలుస్తుంది. డెల్టా ఒండ్రు నేలలో రాయి దొరకదు. ఇక్కడ వాడిన సున్నపురాయి ఎగువ నుంచే రావాలి. రాయి తెప్పించడమే పెద్ద ఖర్చు, దాని మీద పని మరో ఖర్చు. ఒక్కరి వల్ల అయ్యేది కాదు.

రాయి ఖరీదైతే కట్టుబడిలో పొదుపు ఎలా చేశారో ఘంటసాల మహాచైత్యం, అంటే ఇక్కడి స్తూపం, కడుపులో చూడాలి. పందొమ్మిదో శతాబ్ది చివర్లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వినప్పుడు బయటపడింది ఆ అమరిక. నట్టనడుమ చదరపు ఇటుక దిమ్మె, దాని చుట్టూ గుండ్రటి గోడలు, నడుమ అడ్డగోడలు, ఆ ఖాళీల్లో కూరిన మట్టి. పైనుంచి చూస్తే ఆకులు బిగించిన బండిచక్రంలా ఉంటుంది. అంత పెద్ద అండాన్ని (స్తూపం గుమ్మటాన్ని) నిండా ఇటుకతో కట్టకుండా, బరువు పంచుకునే గోడలు ఎక్కడ కావాలో అక్కడే ఇటుక పెట్టి, మిగతా చోట ఊరి మట్టినే వాడుకున్నారు. ఆ గోడలు ఎవరికీ కనపడేవి కావు. పైన సున్నం, బొమ్మలు చెక్కిన పలకలు వచ్చి కప్పేస్తాయి. కనపడని చోట ఇంత ఆలోచన పెట్టిన పెద్ద మేస్త్రీ ఎవరో గాని, అతనికి నమస్కారం పెట్టాలి.

కృష్ణా నది దాటితే భట్టిప్రోలు. ఉమ్మడి పని ఒప్పందం ఎంత పాతదో తెలియాలంటే అక్కడికే వెళ్లాలి. 1892లో రీ ఆ స్తూపం గర్భంలో మూడు రాతి పేటికలు కనుగొన్నాడు. లోపల స్ఫటిక భరిణెలు, బంగారు పువ్వులు, పూసలు. పేటికల అక్షరాల్ని బ్యూలర్ అనే లిపి పండితుడు చదివాడు. అవి క్రీస్తుకు రెండు, మూడు వందల ఏళ్ల ముందువి. ఒక పేటిక కురుడు, అతని తల్లి, తండ్రి, శివుడనే మరొకతను కలిసి చేయించింది. అది ఇంటి పని. ఇంకోచోట నిగమ సభ్యుల పేర్లు వరసగా ఉంటాయి. అంటే వర్తకుల పట్టణ సంఘం అన్నమాట. మరోచోట కుబిరక రాజు కనిపిస్తాడు. అక్కడ అతను సింహగోష్ఠికి ప్రముఖుడు. గోష్ఠి అంటే ఇలాంటి పని కోసం కూడిన కమిటీ. రాజు రాజుగానే ఉంటూ, ఆ కమిటీలో ఒకడిగా పేరు వేయించుకున్నాడు. ఒక స్ఫటికం మీద నందపురం స్త్రీల దానం కూడా రాసి ఉంది.

అన్నిటికన్నా పేటిక శాసనాల్లోని ఒక వాక్యం గొప్పది. అరహదిన్నుల గోష్ఠి పేటికనూ భరిణెనూ ఇచ్చిందని చెప్పి, కుబిరక రాజు ఎవరిచేత చెక్కించుకున్నాడో ఈ పని అతనిదేనని ముగిస్తుంది. నేను దీన్ని ఇలా అర్థం చేసుకుంటాను: పెట్టె సొమ్ము గోష్ఠిది, చెయ్యి రాజు దగ్గర పనిచేసిన శిల్పిది. మంచి పనితనం కోటలో ఉంది, కావలసిన చోటికి అది వచ్చింది. ఆ చెయ్యి ఎంత సమర్థమైనదో అక్షరాలే చెబుతాయి. పేటిక నోటి అంచున, గుండ్రటి ఇరుకు జాగాలో, వరస చెడకుండా నడుస్తాయి. హల్లులో ఉండే హ్రస్వ అకారానికి కూడా విడిగా ఒక గీత, దీర్ఘానికి మరో గీత. ఎక్కడా లేని ఈ పద్ధతిని పేటికల నిండా పాటించాడు. మూత పెట్టి స్తూపం కడితే మళ్లీ మనిషి కంట పడే అవకాశం లేని అక్షరాలవి.

ఆ స్తూపానికి తర్వాత కష్టకాలం వచ్చింది. రీ వచ్చేనాటికే ఇటుకల్ని రోడ్ల పనులకు తవ్వుకుపోయారు. పేటికలు దొరకడం మన అదృష్టం. వాటిలోని బుద్ధ ధాతువును (అవశేషాన్ని) అప్పటి ప్రభుత్వం మహాబోధి సొసైటీకి ఇచ్చింది. 1920 నవంబరులో కలకత్తా కాలేజ్ స్క్వేర్ దగ్గర కొత్తగా కట్టిన ధర్మరాజిక విహారంలో దాన్ని ప్రతిష్ఠించారు. ఆ విహారం చందాలతో లేచింది. పెద్ద దాతల్లో ఒకరు హొనొలులూకు చెందిన మేరీ ఫోస్టర్. ధాతువు సర్కారు నుంచి, సొమ్ము పసిఫిక్ నడిమి దీవిలోని స్త్రీ నుంచి వచ్చాయి; పూనిక ఆ సొసైటీ స్థాపకుడు అనగారిక ధర్మపాలుడిది. నందపురం స్త్రీలు స్ఫటికం మీద దానం రాయించుకున్నాక రెండువేల ఏళ్లు దాటి కట్టిన ఇల్లు అది.