డెస్క్‌టాప్ పరిభాష: ఒక విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
- డెస్క్‌టాప్ మీది ముఖ్యమైన పదాలను సొంత మాటల్లో వివరించగలుగుతారు.
- ఏ పదం విషయాన్ని తెలియజేస్తుందో, ఏది మరుగుపరుస్తుందో బేరీజు వేయగలుగుతారు.

1. పరిచయం

కంప్యూటరు ముందు మొదటిసారి కూర్చున్న విద్యార్థి తడబడితే తప్పు తనదే అనుకుంటాడు. చాలాసార్లు ఆ తప్పు పదానిది. తెలుగులో కంప్యూటరు పాఠాలు రెండు దారుల్లో నడిచాయి. కొన్ని ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో రాసి, వివరణ పూర్తయిందనుకున్నాయి. మరికొన్ని ప్రతి మాటకూ సంస్కృత పదం కూర్చి, తెలుగు చేశామనుకున్నాయి. ఈ రెండింటినీ మూడు ప్రశ్నలతో పరీక్షిద్దాం. పదం ఆ వస్తువు పనితీరును సూచిస్తున్నదా? పక్క పదంతో కలిసిపోకుండా ఉన్నదా? తెర మీద కనిపించేదానితో, పదిమంది అనేదానితో సరిపోతున్నదా?

2. ఈ బల్ల ఎవరిది?

'డెస్క్‌టాప్' అంటే రాతబల్ల పైభాగం. ఈ ఊహ 1970లలో అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్నది. 1981లో జిరాక్స్ స్టార్ యంత్రంతో మార్కెట్‌కు వచ్చింది. 1984లో మాకింతోష్, 1985లో విండోస్ దాన్ని విస్తృతం చేశాయి. బల్ల, దాని మీద కాగితాలు, ఫోల్డర్లు, ఉత్తరాల బుట్టలు అన్నీ అమెరికన్ ఆఫీసులోనివి. ఆ ఆఫీసులో పనిచేసేవారికి అవి పరిచితమైన వస్తువులు. మనకు మాత్రం ముందు ఆ ఆఫీసును పరిచయం చేసి, తరువాత కంప్యూటరును పరిచయం చేయాలి. చాలా పాఠాలు మొదటి మెట్టును దాటవేశాయి. పైగా మన వాడుకలో 'డెస్క్‌టాప్' అంటే ల్యాప్‌టాప్ కాని కంప్యూటరు అని కూడా అర్థం. ఒకే మాట యంత్రానికీ, తెరకూ పేరైనప్పుడు ఏది ఏదో పాఠమే చెప్పాలి.

3. ఫైలు, ఫోల్డరు, దస్త్రం

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం ఇక్కడే ఉన్నది. మన ప్రభుత్వ కార్యాలయంలో 'ఫైలు' అంటే ట్యాగుతో కట్టిన కాగితాల కట్ట. కంప్యూటరులో ఫైలు అంటే ఒక ఉత్తరం, ఒక ఫోటో, ఒక పాట. కట్టలాంటిది ఫోల్డరు. అంటే తెలిసిన మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తున్నది. దీనికి అనువాదకులు ఎంచుకున్న 'దస్త్రం' సమస్యను తీర్చలేదు. తెలుగు వికీపీడియాలో ప్రతి బొమ్మ పుట పేరుకు ముందు ఈ మాటే కనిపిస్తుంది. కాని దస్త్రం రెవెన్యూ కచేరీల మాట, కాగితాల కట్టకు పేరు. ఆ లెక్కన అది ఫోల్డరుకు తగిన పదం. మంచి తెలుగు మాటే, అతికిన చోటు సరికాదు.

4. విండో

'కిటికీ' అని అనువదిస్తే పదం తేలికైనదే, పోలిక మాత్రం సగమే కుదురుతుంది. కిటికీలు ఒకదాని మీద ఒకటి పడవు, విండోలు పడతాయి. ఒక విండో వెనుక మరొకటి దాగితే 'నేను రాసింది పోయింది' అని విద్యార్థి కంగారు పడతాడు. మినిమైజ్ చేస్తే విండో కిందిపట్టీలోకి తగ్గుతుంది, పని కొనసాగుతుంది. క్లోజ్ చేస్తే ఆ విండోలోని పని ముగుస్తుంది. రెండింటినీ 'మూయడం' అని బోధించే పాఠం రెండో పరీక్షలో విఫలమైనట్లే.

5. సేవ్, తొలగించు

'భద్రపరచు' అర్థమయ్యే మాట. అయితే అది అసలు విషయం చెప్పదు. మీరు టైపు చేస్తున్నది మొదట తాత్కాలిక జ్ఞాపకంలో ఉంటుంది. సేవ్ చేసినప్పుడే డిస్కు మీదికి చేరుతుంది. ఈలోగా కరెంటు పోతే చివరిసారి సేవ్ చేసిన తరువాత రాసింది పోవచ్చు. ఇక సేవ్ గుర్తుగా చాలాచోట్ల వాడే ఫ్లాపీ బొమ్మను నేటి విద్యార్థి అసలు చూసి ఉండడు.

'చెత్తబుట్ట' మాత్రం మూడు పరీక్షల్లోనూ చాలావరకు నెగ్గుతుంది. బుట్టను ఖాళీ చేసేదాకా పడేసిన కాగితాన్ని వెనక్కి తీసుకోవచ్చు, ఇక్కడా అంతే. ఒక్క హెచ్చరిక: విండోస్‌లో పెన్‌డ్రైవ్ నుంచి తొలగించిన ఫైలు సాధారణంగా బుట్టలోకి రాదు, నేరుగా పోతుంది.

6. ముగింపు

వాడుక భాష తనంతట తానే ఒక పరిష్కారం చూపింది. ఫైలు, ఫోల్డరు, మౌస్ వంటి వస్తువుల పేర్లను అరువు తెచ్చుకున్నది. తెరవడం, లాగడం, అతికించడం వంటి పనులకు తన క్రియలనే వాడుకున్నది. పరిభాష ఈ దారినే నడవడం మేలు. అయితే పేరు ఏదైనా పనితీరు చెప్పకపోతే పాఠం పూర్తికాదు. పదం అర్థం కానప్పుడు మిమ్మల్ని మీరు నిందించుకోకండి, ఆ పదాన్ని ప్రశ్నించండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. కార్యాలయపు ఫైలుకూ, కంప్యూటరు ఫైలుకూ గల భేదం ఏమిటి?
2. మీకు తెలిసిన మరొక డెస్క్‌టాప్ పదాన్ని మూడు ప్రశ్నలతో పరీక్షించండి.