131 సెకన్లకోసారి వచ్చే మీటరు మనిషి

పాత ఇళ్లలో గుమ్మం పక్కన కరెంటు మీటరు ఉండేది. గాజు వెనక అల్యూమినియం బిళ్ల తిరుగుతుండేది, దానిపైన అంకెల చక్రాలు ఉండేవి. ఐదంకెల మీటరు 99999 దాటగానే మళ్లీ 00000కి వచ్చేస్తుంది. అయినా లెక్క పోదు. రీడింగుకి వచ్చే మనిషి పుస్తకంలో కిందటి అంకె రాసి ఉంటుంది. ఇప్పుడు కనిపించే అంకె దానికంటే చిన్నదైతే మీటరు ఒక చుట్టు తిరిగొచ్చిందని ఆయనకి అర్థమవుతుంది. కానీ ఆయన రావలసిన వేళకి రాక, మీటరు ఈలోగా రెండు చుట్లు తిరిగిందనుకోండి. ఒక చుట్టు మొత్తం ఎవరి పుస్తకంలోనూ పడకుండా పోతుంది.

లైనక్స్ కెర్నెల్‌లో ఎఎమ్‌డి ఎనర్జీ అనే డ్రైవర్ ఒకటి ఉండేది. అది చేసిన పని ఆ మీటరు మనిషి పనే. 2020 ఆగస్టులో వచ్చిన 5.8 వెర్షన్‌తో కెర్నెల్‌లో చేరింది, 2021లో 5.13 వెర్షన్ నాటికి బయటికి వెళ్లింది. ఏడాది కూడా నిండలేదు. మొత్తం నాలుగు వందల పంక్తులకు అటూ ఇటూగా ఉండే ఒక్క ఫైలు. అయినా కొత్తగా డ్రైవర్లు రాయాలనుకునేవాళ్లు ఏం చదవాలని అడిగితే నేను ముందు చెప్పేది ఈ ఫైలు పేరే. ఎందుకో చెప్పాలంటే ముందు ప్రాసెసర్ లోపలున్న మీటరు సంగతి చెప్పాలి.

ఇప్పటి ప్రాసెసర్లు తాము తాగే కరెంటును తామే లెక్కపెట్టుకుంటాయి. ఇంటెల్ 2011లో శాండీ బ్రిడ్జ్ చిప్‌లతో ఈ పద్ధతి తెచ్చింది, ఎఎమ్‌డి జెన్ చిప్‌లలోనూ అలాంటిదే ఉంది. ప్రతి కోర్‌కీ ఒక రిజిస్టర్, మొత్తం సాకెట్‌కి, అంటే చిప్ మొత్తానికి, ఇంకొకటి. ఖర్చయిన ప్రతి చిన్న మోతాదుకీ ఆ అంకె ఒకటి చొప్పున పెరుగుతుంది. ఆ మోతాదు మామూలుగా జౌల్‌లో 65,536వ వంతు, అంటే సుమారు 15.3 మైక్రోజౌళ్లు. ఈ రిజిస్టర్ వెడల్పు 32 బిట్లే. 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 వరకు లెక్కపెట్టి సున్నాకి వచ్చేస్తుంది. అంకె చూడటానికి పెద్దదే గానీ, జౌళ్లలోకి మారిస్తే అంతా కలిపి 65,536 జౌళ్లు. మన ఇంటి కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. ఒక్క యూనిట్ కాలేలోపు ఈ మీటరు దాదాపు 55 చుట్లు తిరిగేస్తుంది. 240 వాట్లు లాగే పెద్ద సర్వర్ ప్రాసెసర్ మీదైతే నాలుగున్నర నిమిషాలకో చుట్టు.

కాబట్టి రిజిస్టర్‌లో అంకెను ఉన్నదున్నట్టు చదివి చూపించే డ్రైవర్‌ని ఒక సాయంత్రంలో రాసేయొచ్చు. పదినిమిషాలకొకసారి చూసేవాడికి మాత్రం అది తప్పు లెక్కే చెబుతుంది, చెబుతున్నట్టు తెలియనివ్వదు కూడా. ఈ డ్రైవర్ రాసినవాళ్లు అసలు చిక్కు ఇదేనని మొదటి రోజే గుర్తించారు. డ్రైవర్‌తో పాటే ఒక చిన్న కెర్నెల్ థ్రెడ్‌ని పెట్టారు. అది వేళకి లేచి, సాకెట్ల రిజిస్టర్లు చదివి, కిందటిసారి నుంచి ఎంత పెరిగిందో 64 బిట్ల పుస్తకంలో జమకట్టి మళ్లీ పడుకుంటుంది. ఎవరైనా రీడింగు అడిగితే పుస్తకంలో ఉన్నది, దాని తర్వాత రిజిస్టర్‌లో పెరిగినది కలిపి ఇస్తారు. అందువల్ల రెండు రాకల మధ్య అడిగినా జవాబు పాతబడదు.

ఆ వేళ ఎంతన్నది నాకు బాగా నచ్చిన చోటు. మొదట్లో 100 సెకన్లని రాసిపెట్టారు. తర్వాత దాన్ని చిప్ చెప్పే మోతాదును బట్టి లెక్కగట్టేలా మార్చారు. సాకెట్ 250 వాట్లు లాగుతుందనుకుంటే చుట్టుకి ఎన్ని సెకన్లు పడుతుందన్న సూత్రం పైన వ్యాఖ్యలో ఉంటుంది. అందులో రెండు ఘాతం 32. కింద అసలు కోడ్‌లో మాత్రం 31. మొదటిసారి చదివినప్పుడు పొరపాటేమో అనిపిస్తుంది. కాదు. ఘాతంలో ఒకటి తగ్గితే కాలం సగమవుతుంది. 262 సెకన్లకి చుట్టు పూర్తయ్యే మీటరు దగ్గరికి 131 సెకన్లకే మనిషి వస్తాడు. థ్రెడ్ కాస్త ఆలస్యంగా లేచినా, చిప్ అనుకున్నదానికంటే ఎక్కువ లాగినా, చుట్టు చేజారకుండా సగానికి సగం వెసులుబాటు. అనుభవమున్న మేస్త్రీ కొలత తీసి, పైన బెత్తెడు వదులుతాడే, ఆ బెత్తెడు ఈ ఒక్క అంకెలో ఉంది.

థ్రెడ్ పడుకునే తీరు కూడా దగ్గరగా చూడదగ్గది. లెక్క జమకట్టాక అది ముందు తన స్థితిని నిద్రగా ప్రకటిస్తుంది. ఆ తర్వాత తనను ఆపమన్నారేమో చూసుకుంటుంది. అప్పుడుగానీ నిజంగా నిద్రకు పోదు. ఈ రెండు పనుల వరస తారుమారైతే ఏమవుతుందో చూడండి. ఆపమన్నారా అని చూసుకుంది, లేదు. సరిగ్గా ఆ క్షణంలో డ్రైవర్‌ని తీసేయమని ఎవరో ఆజ్ఞ ఇచ్చారు. నిద్రపోని థ్రెడ్‌ని లేపడంలో అర్థం లేదు కాబట్టి ఆ పిలుపు గాలిలో కలిసిపోతుంది. తర్వాత థ్రెడ్ హాయిగా పడుకుంటుంది, తీసేయమన్న మనిషి రెండు నిమిషాలకు పైగా తెర ముందు కూర్చుని చూస్తుంటాడు. అసలు వరసలో ఆ సందు లేదు. నిద్ర ప్రకటించాక వచ్చిన పిలుపు స్థితిని వెంటనే మార్చేస్తుంది, థ్రెడ్ నిద్రపోకుండానే తేరుకుంటుంది. ఇది ఈ డ్రైవర్ కనిపెట్టింది కాదు, కెర్నెల్‌లో పాత మర్యాదే. ఆ మర్యాదను మరిచిపోకుండా పాటించడం పనితనం కిందికే వస్తుంది.

ఇంకో మెచ్చుకోలు: ఇది వాట్లు చెప్పదు, జౌళ్లే చెబుతుంది. వాట్లు కావాలంటే ఎంత వ్యవధికన్నది ముందు తేలాలి. సెకనుకా, నిమిషానికా, గంటకా? అది డ్రైవర్‌కి తెలియదు, అడిగేవాడికి తెలుసు. అందుకని రెండుసార్లు చదివి, తేడాను కాలంతో భాగించుకొమ్మని వివరణ పత్రంలో చెప్పి ఊరుకున్నారు. తనకు తెలియనిది ఊహించి చెప్పని మీటరును నేను నమ్ముతాను. అదే నిజాయితీ చిప్‌ల జాబితాలోనూ కనిపిస్తుంది. మొదట విశాలంగా జెన్ తరం చిప్‌లన్నిటికీ తలుపు తెరిచారు. కొన్ని మోడళ్లలో రీడింగులు పొంతన లేకుండా వస్తున్నాయని తేలగానే, సరిగ్గా పనిచేసే సర్వర్ చిప్‌లకే, అంటే 2019లో వచ్చిన ఎపిక్ 7002 శ్రేణికే పరిమితం చేశారు. తప్పు అంకె చూపించడం కంటే ఏమీ చూపించకపోవడమే మేలని నిర్ణయించుకోవడానికి ధైర్యం కావాలి.

ఇంత మెచ్చుకున్నాక, చదువరిగా నాకు ఆగవలసి వచ్చిన చోట్లూ చెప్పాలి. చుట్టు తిరిగినప్పుడు లెక్క సరిచేసే పంక్తిలో గరిష్ఠ అంకెలోంచి పాత రీడింగు తీసేసి కొత్తది కలుపుతారు. గరిష్ఠ అంకె నుంచి సున్నాకి దూకే ఆ ఒక్క మెట్టు అందులో లెక్కకు రాదు. చుట్టుకి ఒక మోతాదు తక్కువ, అంటే 65,536 జౌళ్లకు 15 మైక్రోజౌళ్లు. ఎవరికీ నష్టం లేదు, అయినా 32 బిట్లలో మామూలుగా తీసివేస్తే ఆ మెట్టు దానంతటదే కలిసివచ్చేది.

రెండోది దీనికంటే బరువైనది. థ్రెడ్ లేచిన ప్రతిసారీ సాకెట్లన్నీ చదువుతుంది, కోర్ మాత్రం ఒక్కటే. మరుసటిసారి తర్వాతి కోర్, ఆపైన ఇంకొకటి, చివరికొస్తే మళ్లీ మొదటిది. ఈ పొదుపుకి నాకు తోచే కారణం మంచిదే. కోర్ రిజిస్టర్ చదవాలంటే ఆ కోర్‌నే పని అడగాలి, నిద్రలో ఉంటే లేపాలి. కరెంటు కొలవడానికి వచ్చి 128 కోర్లను ఒక్కసారి నిద్రలేపితే కొలతే ఖర్చవుతుంది. కోర్ రిజిస్టర్ చుట్టు తిరగడానికి చాలా రోజులు పడుతుందని వివరణ పత్రం భరోసా ఇస్తుంది కూడా. నేను కూర్చుని లెక్కవేశాను. ఒక్క వాట్ లాగే కోర్‌కే చుట్టు పడటానికి 18 గంటలు చాలు. మూడు రోజులు పట్టాలంటే కోర్ పావు వాట్ మీదే బతకాలి. 64 కోర్ల చిప్‌లు రెండున్న సర్వర్‌లో ఒక కోర్ వంతు మళ్లీ వచ్చేసరికి 4 గంటల 40 నిమిషాలవుతుంది. అంతసేపూ ఏకబిగిన నాలుగు వాట్లు లాగే కోర్ ఉంటే దాని రీడింగులో ఒక చుట్టు మాయమవుతుంది. సాకెట్ విషయంలో బెత్తెడు వదిలిన చేయి కోర్ల దగ్గర ఆ బెత్తెడు వదల్లేదు. ఒక విడతకి నాలుగు కోర్లు చదివినా ఈ బెంగ తీరేది.

ఇక ఇది కెర్నెల్ నుంచి ఎందుకు వెళ్లిందో చెప్పాలి. 2020 నవంబరులో ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం, బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల పరిశోధకులు ప్లాటిపస్ అనే దాడిని బయటపెట్టారు. ప్రాసెసర్ ఏ పని చేస్తోందన్నదాన్ని బట్టి, ఏ అంకెలతో చేస్తోందన్నదాన్ని బట్టి కరెంటు ఖర్చు రవ్వంత మారుతుంది. మీటరును అదేపనిగా, గబగబా చదవగలిగితే ఆ రవ్వంత తేడాలోంచి రహస్య తాళంచెవులను (ఎన్‌క్రిప్షన్ కీలను) కూడా రాబట్టవచ్చని వాళ్లు చూపించారు. ఎదురింటి మీటరు తిరిగే వేగం చూసి వాళ్లు ఇంట్లో ఉన్నారో లేదో చెప్పినట్టే, కాకపోతే వెయ్యింతలు నిశితంగా. దానికి విరుగుడుగా ఈ డ్రైవర్ రీడింగులను అందరికీ కాక ఫైలు యజమానికీ అతని గుంపుకీ మాత్రమే కనిపించేలా మార్చారు. ఇంటెల్ చిప్‌ల మీటర్లకూ అలాంటి తాళమే పడింది. అనుమతి లేని మామూలు వాడుకదారుకి ఆ తర్వాత డ్రైవర్‌తో పని లేకుండా పోయింది. కొన్ని నెలలకి దాన్ని తీసేశారు.

ఇందులో చేతిపని లోపం ఏమీ లేదు. నిజానికి కొలత అంత నమ్మకంగా ఉండబట్టే ఆ తాళం అవసరమైంది. ఎఎమ్‌డి ఇప్పటికీ ఈ డ్రైవర్‌ని కెర్నెల్ బయట తన సొంత భాండాగారంలో ఉంచింది. కెర్నెల్ చరిత్రలోంచి కూడా ఏదీ చెరిగిపోదు. 5.12 వెర్షన్ మూలం దింపుకుని, డ్రైవర్స్ కింద హెచ్‌డబ్ల్యుమాన్ ఫోల్డర్‌లో వెతికితే ఆ ఫైలు దొరుకుతుంది. ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్లు ఒక ఆదివారం దానికి కేటాయించండి. 31 ఉన్న పంక్తి దగ్గర కాసేపు ఆగండి, తర్వాత కోర్లను ఒక్కొక్కటిగా చదివే పంక్తుల దగ్గర కాగితం, కలం తీసుకుని నా లెక్క సరిగ్గా ఉందో లేదో మీరే వేసి చూడండి.