ఆజ్ఞాపించలేని నాయకుడికి ప్రశ్నపత్రం

ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ ముగిశాక మండల కేంద్రంలో ప్రజావేదిక పెడతారు. మస్టరు రోలులో ఏముంది, కూలీలు ఏం చెప్పారు, కొలతల పుస్తకం ఏమంటోంది అన్నది పక్కపక్కన పెట్టి పైకి చదువుతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన ఈ పద్ధతి నారాయణఖేడ్ పక్కనున్న కల్హేర్ లాంటి మండలాలకు తెలిసిందే. కాకపోతే అక్కడ ప్రశ్న డబ్బు ఖర్చయ్యాక వస్తుంది. చివరికి తేలేది ఎవరి దగ్గర ఎంత రికవరీ చేయాలన్నదే. పదవి చేతికి ఇవ్వకముందే, రాతపూర్వకంగా, అందరి ఎదుటా ప్రశ్నించే ఆనవాయితీ ఒకటి సాఫ్ట్‌వేర్ లోకంలో పాతికేళ్లుగా సాగుతోంది. అదే డెబియన్ ప్రాజెక్ట్ లీడర్ ఎన్నిక.

డెబియన్ ఒక ఆపరేటింగ్ సిస్టమ్. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ అనే అమెరికా విద్యార్థి దీన్ని మొదలుపెట్టాడు. చాలామంది పేరు విన్న ఉబుంటు దీని మీద కట్టిందే. మన పోతన, వేమన ఫాంట్లు కూడా ఇందులో ప్యాకేజీలుగా దొరుకుతాయి. దీని వెనుక యజమాని కంపెనీ ఏదీ లేదు. పలు దేశాల్లో చెదిరి ఉన్న సుమారు వెయ్యిమంది డెవలపర్లు దీన్ని నడుపుతారు. ప్రాజెక్టు వాళ్లకు జీతం ఇవ్వదు.

1998 డిసెంబరులో వాళ్లు తమకంటూ ఒక రాజ్యాంగం రాసుకున్నారు. అందులోని ఒక నియమం మొత్తం వ్యవహారానికి తాళంచెవి. ప్రాజెక్టు కోసం పని చేసి తీరాలన్న బాధ్యత ఎవరికీ లేదు. అప్పజెప్పిన పని నచ్చకపోతే మానుకోవచ్చు, నియమాలకు అడ్డుపడకుండా ఉంటే చాలు. లీడర్ కొన్ని పనులకు ప్రతినిధులను నియమించవచ్చు, విరాళాల సొమ్ము ఖర్చుకు అనుమతి ఇవ్వవచ్చు, చర్చకు దారి చూపవచ్చు. తాను నియమించిన ప్రతినిధి తీసుకున్న నిర్ణయాన్ని మాత్రం కొట్టివేయలేడు. ఊళ్లో గణేశ్ ఉత్సవ కమిటీ అధ్యక్షుడి తిప్పలూ ఇవే. మండపం వేయమని ఎవరినీ శాసించలేడు, వేయకపోతే మాట పడేది తనే. ఇలాంటి పదవిలో ఉన్న మనిషికి ఒప్పించే మాట తప్ప ఆయుధం లేదు. ఆ మాట నిలుస్తుందో లేదో ముందే తూచి చూడటానికి పుట్టింది ఈ ప్రశ్నల పద్ధతి.

ఆరు వారాల తంతు

ఎన్నిక ఏటా జరుగుతుంది. మొదటి వారం నామినేషన్లు. ఎవరూ ఎవరినీ నిలబెట్టరు, ఎవరి పేరు వాళ్లే ఇచ్చుకోవాలి. తర్వాతి మూడు వారాలు ప్రచారం, ఆపై రెండు వారాలు పోలింగ్. ప్రచారమంటే ఇక్కడ ర్యాలీ ఉండదు, పోస్టరు ఉండదు. అభ్యర్థి తన ప్రణాళికను రాసి బయటపెడతాడు. చాలా ఏళ్లలో పోటీదారులు ఒకరి ప్రణాళిక మీద మరొకరు రాతలోనే విమర్శ చేశారు. మిగిలిన కాలమంతా ప్రశ్నలూ జవాబులే. ఏ డెవలపరైనా అడగవచ్చు. ఎవరు ఏం అడిగారో, ఎవరు ఏం చెప్పారో ఎప్పటికీ అందరికీ కనిపిస్తూనే ఉంటుంది.

అడిగేవాళ్ల చాకచక్యం ఇక్కడే తెలుస్తుంది. ‘మీ ఆశయం ఏమిటి?’ అంటే ఉపన్యాసం వస్తుంది. ‘వారానికి ఎన్ని గంటలు ఇస్తారు? ఇప్పుడు చేస్తున్న పని ఎవరికి అప్పగిస్తారు?’ అంటే లెక్క వస్తుంది. వలంటీరు దగ్గర ఉండే పెట్టుబడి సమయమొక్కటే కాబట్టి ఈ ప్రశ్న తప్పించుకోవడం కష్టం. రెండోసారి నిలబడినవాళ్ల ముందు పాత ప్రణాళికే ప్రశ్నపత్రమవుతుంది. అందులో రాసిన ఫలానా పని ఎందుకు ఆగింది, ఎక్కడ ఆగింది అని వాక్యం వాక్యం పట్టుకుని అడగవచ్చు.

అన్నిటికన్నా పదునైనది సందర్భం కల్పించి అడిగే ప్రశ్న. ‘ఒక కీలక బృందం నెలల తరబడి పని పెండింగులో పెట్టింది, కొత్తవాళ్లనూ రానివ్వడం లేదు. మీరేం చేస్తారు?’ ‘ఆదేశిస్తాను’ అన్నవాడికి తన పదవి హద్దులు తెలియవని తేలిపోతుంది. ‘మాట్లాడతాను’ అని ఊరుకున్నవాడిని ‘మాట్లాడినా వినకపోతే?’ అని రెండో ప్రశ్న వెంటాడుతుంది. ముందు ఎవరితో మాట్లాడతాడు, ఎంతకాలం చూస్తాడు, ఎప్పుడు కొత్తవారిని నియమిస్తాడు అన్నది వరసగా చెప్పగలిగినవాడే ఆ మెట్టు దాటుతాడు.

విరాళాల సొమ్ము ఎలా వాడతారన్న ప్రశ్నకు వెనుక చరిత్ర ఉంది. 2006లో ఆంథొనీ టౌన్స్ లీడర్‌గా ఉన్నప్పుడు, కొత్త విడుదల ‘ఎచ్’ సమయానికి రావాలని డంక్-ట్యాంక్ అనే ప్రయత్నం బయలుదేరింది. విడుదల పని చూసేవారికి విరాళాల నుంచి పారితోషికం ఇవ్వాలన్నది ఆలోచన. ఒకరికి డబ్బిస్తే ఉచితంగా చేస్తున్న మిగతావాళ్ల సంగతేమిటన్న రగడ మొదలైంది, కొందరు తమ పని తగ్గించుకున్నారు. లీడర్‌ను పదవి నుంచి దించాలన్న తీర్మానం ఓటు దాకా వెళ్లి ఓడింది. డిసెంబరులో రావలసిన ఎచ్ 2007 ఏప్రిల్‌లో వచ్చింది. వలంటీర్ల మధ్యకు జీతం తేవడం ఎంత సున్నితమో ఆ ఏడాది తేటతెల్లమైంది. ఇలాంటి ప్రశ్న ముందే అడగకపోతే తర్వాత సంక్షోభమై తలుపు తట్టవచ్చు.

ఒక్కరే నిలబడ్డా ఓటు తప్పదు

2023లో జోనథన్ కార్టర్ ఒక్కరే బరిలో ఉన్నారు. అయినా ‘ఏకగ్రీవం’ అనేసి ఊరుకోలేదు, పోలింగ్ జరిపారు. కారణం బ్యాలెట్‌లో ‘పైవారెవరూ కాదు’ అన్న గడి ఉండటం. మన అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో 2013 సుప్రీంకోర్టు తీర్పుతో నోటా వచ్చింది గానీ, దానికే ఎక్కువ ఓట్లు పడినా తర్వాతి అభ్యర్థి గెలిచినట్టే. డెబియన్‌లో ఆ గడి గెలిస్తే ఎన్నిక మళ్లీ పెట్టాలి. అందుకే ఒంటరి అభ్యర్థి కూడా జవాబులు చెప్పక తప్పదు. ఓటర్లు అభ్యర్థులందరికీ ఇష్టాన్ని బట్టి వరస సంఖ్యలు ఇస్తారు. ఓటు రహస్యం, ప్రశ్నోత్తరాలు బహిరంగం.

ఓడినవారి జవాబులూ వృథా కావు. కేరళకు చెందిన శ్రుతి చంద్రన్ 2020, 2021, 2024, 2025 ఎన్నికల్లో పోటీ చేశారు. మొదటి రెండుసార్లు కార్టర్, తర్వాతి రెండుసార్లు ఆండ్రియాస్ టిల్లె గెలిచారు. ప్రాజెక్టులో మహిళల సంఖ్య ఎందుకింత తక్కువ, వైవిధ్యం ఎలా పెరగాలి అన్న విషయాన్ని ఆమె తన అభ్యర్థిత్వంతో చర్చ మధ్యకు తెచ్చారు. పోటీలో ఉన్న మిగతావారూ దాని మీద తమ వైఖరి చెప్పుకోవలసి వచ్చింది.

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైన అందులో నిర్వాహకులకు పేజీలు తొలగించే, వాడుకరులను నిరోధించే అధికారం ఉంటుంది. ఆ హోదా కోరేవారి పేరు సభ్యుల ముందుకు వస్తుంది. మద్దతు, వ్యతిరేకత, తటస్థం అంటూ సభ్యులు కారణాలతో సహా రాస్తారు. అడిగేవారి చేతిలో బలమైన సాక్ష్యం ‘చరిత్ర’ ట్యాబు. కల్హేర్ గురించిన పేజీలో ఎవరు ఏ రోజు ఏ వాక్యం మార్చారో అందులో దొరుకుతుంది. అభ్యర్థి గొడవల్లో ఎలా మాట్లాడాడో, తప్పు చూపితే సరిదిద్దుకున్నాడో లేదో మార్పుల్లోనే కనిపిస్తుంది కాబట్టి ప్రశ్న ఊహ మీద కాక పని మీద నిలబడుతుంది.

ఈ పద్ధతికి ఖరీదూ ఉంది. ఇంగ్లీషులో చకచకా రాయగలిగినవాళ్లకు ఇది అనుకూలం. మంచి పనిమంతుడైనా రాత అంటే బెదిరేవాడు అసలు ముందుకే రాకపోవచ్చు. మూడు వారాలపాటు ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ జవాబులు రాయడం మాటలు కాదు. 2019లో మొదటి వారం ముగిసేసరికి ఒక్క నామినేషనూ రాలేదు. గడువు పెంచాల్సి వచ్చింది, ఆఖరుకు శామ్ హార్ట్‌మన్ గెలిచారు. పదవి బరువు, పరీక్ష బరువు రెండూ కలిసి జనాన్ని వెనక్కి నెట్టగలవు. అందుకే అడిగేవారికీ మర్యాద కావాలి. ఒక ప్రశ్నలో ఒకే విషయం, అందరికీ అదే ప్రశ్న, ప్రశ్న ముసుగులో సొంత ప్రసంగం లేకుండా.

జీతంలేని పని మీద నడిచే ఏ సంఘమైనా ఇందులోంచి తీసుకోదగ్గది కొంత ఉంది. యువజన సంఘం, గ్రంథాలయ కమిటీ, మహిళా సంఘాల సమాఖ్య, ఏదైనా సరే. అభ్యర్థులను మూడు ప్రశ్నలు అడిగి జవాబులు తీర్మానాల పుస్తకంలోకి ఎక్కిస్తే చాలు: ఎంత సమయం ఇస్తావు, సభ్యులు మాట వినకపోతే ఏం చేస్తావు, డబ్బు లెక్క ఏ తేదీకి చూపిస్తావు? గెలిచినవాడికి ఆ పేజీయే ఏడాది పొడవునా పనిపట్టిక. వాడే మళ్లీ నిలబడితే, ఈసారి ప్రశ్నలు వెతుక్కోనక్కర్లేదు. పాత జవాబులు చదివి వినిపిస్తే సరిపోతుంది.