రెండు బొమ్మలు ఒకటయ్యే చోటు

ముఖానికి జానెడు దూరంలో బొటనవేలు నిలబెట్టి ఓసారి ఎడమ కన్ను, ఓసారి కుడి కన్ను మూసి చూడండి. వెనకాల గోడ మీద వేలు అటూ ఇటూ గెంతుతున్నట్టు కనిపిస్తుంది. చేయి బారుగా చాపితే గెంతు తగ్గుతుంది. వీధి చివర కరెంటు స్తంభాన్ని చూస్తే గెంతే తెలియదు. ఈ తేడాను బట్టి దూరం చెప్పే పరికరమే రేంజ్‌ఫైండర్. పాత ఫిలిం కెమెరాల నుదుటి మీద ఎడంగా కనిపించే రెండు కిటికీలు ఆ రెండు కళ్లే.

1990ల్లో వచ్చిన ఆటోఫోకస్ రేంజ్‌ఫైండర్లను ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో మోజుపడి కొని, రెండు రీళ్లు కడిగించగానే "దీనికి ఫోకస్ కుదరడం లేదు" అని బీరువాలో పెట్టేస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు ముందుగా ఈ రెండు కళ్ల సంగతి చెప్పాలనిపిస్తుంది. ఆ కెమెరాలు తడబడే చోట్లు లెక్కలేనన్ని కావు. చాలామటుకు అవి రేంజ్‌ఫైండర్ అనే పద్ధతికే పుట్టుకతో ఉన్న చిక్కులు. చేత్తో ఫోకస్ చేసిన తరాలు వాటిని దాటే దారులు ఎప్పుడో వేసిపెట్టాయి.

1925లో జర్మనీలో లైకా అమ్మకానికి వచ్చినప్పుడు అందులో ఫోకస్ చూసుకునే ఏర్పాటే లేదు. దూరాన్ని కంటితో అంచనా కట్టి లెన్స్ మీది మీటర్ల గుర్తును అక్కడికి తిప్పాలి. లేదంటే రేంజ్‌ఫైండర్‌ను విడిగా కొని కెమెరా నెత్తిన తగిలించి, అది చెప్పిన అంకెను లెన్స్ మీద పెట్టుకోవాలి. 1932లో లైకా రెండో మోడల్, జైస్ ఐకాన్ వారి కాంటాక్స్ రెండూ ఆ పరికరాన్ని కెమెరా లోపలికి తెచ్చి లెన్స్‌తో ముడిపెట్టాయి. 1954లో వచ్చిన లైకా ఎం3తో ఆ పనితనం పరాకాష్ఠకు చేరిందని నా అభిప్రాయం.

ఆ ముడిని దగ్గరగా చూడాలి. ఎం3 నుంచి లెన్స్ ఊడదీస్తే లోపల పై అంచున చిన్న చక్రం ఒకటి కనిపిస్తుంది. వ్యూఫైండర్‌కు కన్ను ఆనించి, ఆ చక్రాన్ని వేలి కొసతో మెల్లగా లోపలికి నొక్కండి. ఫైండర్ నడుమ కాస్త వెలుగుగా ఉన్న గడిలో ఎదుటి తలుపు అంచు రెండుగా చీలి, ఒకటి పక్కకు జరుగుతుంది. లెన్స్ బిగించాక వేలు చేసిన పనిని లెన్స్ వెనకంచు చేస్తుంది. ఫోకస్ రింగు తిప్పుతుంటే ఆ అంచు చక్రాన్ని నెడుతుంది, చక్రం లోపలి గాజును కదుపుతుంది, గడిలో రెండో బొమ్మ నడుస్తుంది. రెండు బొమ్మలు ఒకటైన చోట లెన్స్ ఆ దూరానికి సరిగ్గా నిలిచినట్టు. బ్యాటరీ లేదు, మోటారు లేదు. ఎం3లో రెండు కిటికీల ఎడం, ఫైండర్ పెద్దది చేసి చూపే లెక్క కలిపితే పనికొచ్చే ఎడం సుమారు 62 మిల్లీమీటర్లు. ఈ ఎడం ఎంత ఎక్కువైతే దూరం అంత కచ్చితంగా తెలుస్తుంది. వస్తువు దూరం రెట్టింపైతే మాత్రం పొరపాటు నాలుగు రెట్లవుతుంది.

ఇక్కడే ఇంకో సంగతి మనసులో పెట్టుకోవాలి. ఎస్సెల్లార్‌లో కన్ను లెన్స్ గుండానే చూస్తుంది కాబట్టి ఫోకస్ తప్పితే అక్కడే మసక కనిపిస్తుంది. రేంజ్‌ఫైండర్‌లో కన్ను చూసేది పక్క కిటికీలోంచి. లెన్స్ ఎటు తిరిగి ఉన్నా, చివరకు దాని మూత తీయకపోయినా, ఫైండర్‌లో లోకమంతా తేటగానే ఉంటుంది. తప్పు జరిగిందని తెలిసేది రీలు కడిగాకే. అందుకే ఈ కెమెరాలతో పనిచేసేవాళ్లకు దూరం మీద ప్రత్యేకమైన శ్రద్ధ అలవడింది.

ఆ శ్రద్ధను యంత్రానికి అప్పజెప్పే ప్రయత్నం మొదట గట్టెక్కింది జపాన్‌లో. మన ఊళ్లలో కలర్ ల్యాబుల ముందు కోనికా బోర్డు చూసి పెరిగినవాళ్లకు ఆ పేరు కొత్త కాదు. 1977లో అదే కోనికా సీ35 ఏఎఫ్ అనే కెమెరా తెచ్చింది. జనం చేతికి పెద్దయెత్తున అందిన మొదటి ఆటోఫోకస్ కెమెరా అది. అందులోని ఫోకస్ విభాగం అమెరికాకు చెందిన హనీవెల్‌ది. దాన్ని విప్పి చూస్తే తెలిసిన ముఖమే కనిపిస్తుంది: రెండు కిటికీలు, కదలని అద్దం ఒకటి, కదిలే అద్దం ఒకటి. రెండు బొమ్మలు ఎప్పుడు ఒకటయ్యాయో మనిషి కన్ను చూసే బదులు వెలుతురును పసిగట్టే చిన్న సెన్సర్లు పోల్చి చెబుతాయి. అంతే తేడా. 1979లో కెనాన్ ఏఎఫ్35ఎం ఇంకో దారి పట్టింది. అది ఒక కిటికీలోంచి కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును పంపి, వస్తువును తాకి తిరిగి వచ్చిన కోణాన్ని రెండో కిటికీలో కొలిచింది. అదీ త్రిభుజమే.

1994లో క్యోసెరా సంస్థ అదే కాంటాక్స్ పేరుతో జీ1ను టైటానియం ఒంటితో, మార్చుకునే జైస్ లెన్సులతో తెచ్చినప్పుడు ఈ కథ పతాక స్థాయికి వచ్చింది. 1996లో జీ2 వచ్చింది. జీ1 బొమ్మలను పోల్చే పద్ధతి మీదే ఆధారపడింది. జీ2లో దానికి తోడు ఇన్‌ఫ్రారెడ్ కూడా చేర్చారు. ఎస్సెల్లార్‌లోలా అద్దం ఎగిరే గది లేని కెమెరా కావడంతో బయోగాన్ లాంటి వైడ్ లెన్సుల వెనక గాజు దాదాపు ఫిలింను తాకేంత దగ్గరకు రాగలదు. అంచుల దాకా గీత వంగని ఆ తేటదనం కోసమే ఇప్పటికీ ఈ కెమెరాలను వెతుక్కుంటున్నారు. 45 మి.మీ. ప్లానార్ గీసే బొమ్మను చూసినవాళ్లకు ఆ వెతుకులాట ఎందుకో వివరించనక్కర్లేదు. అయితే ఫైండర్‌లో రెండు బొమ్మలు కలిసే గడి మాత్రం లేదు. మాన్యువల్‌కు మార్చినా చూపేది చిన్న ఎలక్ట్రానిక్ గుర్తునే. దూరాన్ని కళ్లారా సరిచూసుకునే అవకాశం పోయింది. ఈ కెమెరా రూపకల్పనలో నాకు నచ్చని నిర్ణయం అదొక్కటే.

ఇప్పుడు చిక్కుల్లోకి వద్దాం. పక్కపక్కన ఉన్న రెండు కిటికీలు పోల్చుకోవాలంటే వాటి ముందు నిలువు అంచు ఏదో ఒకటి ఉండాలి. బొమ్మ పక్కకు జరిగింది అని తెలిసేది నిలువు గీతతోనే. రాజమండ్రి పుష్కర ఘాట్‌లో మెట్ల మీదికి కెమెరా గురిపెట్టారనుకోండి, అన్నీ అడ్డగీతలే. అడ్డగీత ఎంత పక్కకు జరిగినా అడ్డగీతలాగే ఉంటుంది. జీ1 మోటారు చప్పుడు చేస్తూ అటూ ఇటూ వెతికి ఎక్కడో ఆగుతుంది. ఎం3తో అవే మెట్లు తీసే మనిషికీ ఇదే ఇబ్బంది వస్తుంది. అతను చేసేదే ఇక్కడా చేయాలి. కెమెరాను నిలువుగా తిప్పి ఫోకస్ పట్టి, షట్టర్ బటన్ సగం నొక్కి ఉంచి, మళ్లీ అడ్డంగా తిప్పుకోవాలి. లేదా అదే దూరంలో మెట్టు మీద కూర్చున్న మనిషి భుజం అంచునో, రాతి స్తంభాన్నో పట్టుకోవాలి. సున్నం కొట్టిన ఉత్త గోడ, మబ్బులేని ఆకాశం, మంచు తెర – వీటి మీద ఏ అంచూ ఉండదు కాబట్టి పోల్చడానికే ఏమీ దొరకదు.

దీనికి సరిగ్గా ఎదురు సమస్య ఇనుప ఊచలు. ఒకే కొలత ఎడంతో వరసగా ఉన్న నిలువు గీతల్లో మొదటి బొమ్మలోని మూడో ఊచ రెండో బొమ్మలోని నాలుగో ఊచతో కలిసిపోయినా, కలిసినట్టే కనిపిస్తుంది. ఫోకస్ దొరికిందని కెమెరా ధీమాగా చెబుతుంది, దూరం మాత్రం తప్పు. మనిషి కన్ను కూడా ఎం3 గడిలో ఇలా మోసపోతుంది. కాకపోతే ఆ ఊచలు రెండు మీటర్ల దూరంలో ఉన్నాయని, లెన్స్ ఐదు మీటర్లు చూపిస్తోందని మనిషికి అనుమానం వస్తుంది. జీ2లో నెత్తిన ఉన్న ఎల్‌సీడీ తెర దూరాన్ని అంకెల్లో చూపిస్తుంది. ఆ అంకెను మన అంచనాతో సరిచూసుకునే అలవాటు చేసుకున్నవాళ్ల చేతిలో జీ2 చాలా అరుదుగా తప్పుతుంది. అంచనా మాత్రం ముందు మనకు ఉండాలి. పాతకాలం ఫొటోగ్రాఫర్లు నడుస్తూ నడుస్తూ గుమ్మం ఎంత దూరం, స్తంభం ఎంత దూరం అని లోలోపల కొలుచుకునేవారు. మీటరంటే ఎంతో, రెండు మీటర్లంటే ఎంతో శరీరానికి తెలియాలి. ఈ సాధనకు రీలు కూడా ఖర్చు కాదు.

ఇన్‌ఫ్రారెడ్‌కు గాజు శత్రువు. బస్సు కిటికీ అద్దంలోంచి పొలాన్ని తీయబోతే వెలుగు గాజును తాకే వెనక్కి రావచ్చు. నల్లటి మెత్తటి గుడ్డ దాన్ని మింగేస్తుంది. దూరంగా ఉన్న కొండకు అది చేరనే చేరదు. అయితే చీకటి గదిలో మనిషి కన్నూ, పోల్చే సెన్సరూ రెండూ చేతులెత్తేసే చోట ఇన్‌ఫ్రారెడ్ నిలబడుతుంది. 1993లో వచ్చిన కోనికా హెక్సార్ రాత్రి వేళ మనుషుల ఫొటోలకు పేరు తెచ్చుకున్నదీ ఇందుకే. గాజు ముందు ఇన్‌ఫ్రారెడ్ మీద ఆధారపడకుండా దూరాన్ని చేత్తో పెట్టుకుంటే సరి.

అన్నిటికంటే ఎక్కువ రీళ్లు పాడుచేసేది మాత్రం జీ కెమెరాల 90 మి.మీ. సోనార్ లెన్స్. లెన్స్ పొడవు పెరిగితే ఫోకస్ ఎంత కచ్చితంగా ఉండాలో ఆ పొడవు వర్గం ప్రకారం పెరుగుతుంది. ఒకే ఎపర్చర్‌లో 28 మి.మీ. లెన్స్‌తో పోలిస్తే 90కి పది రెట్లు కచ్చితత్వం కావాలి. కొలిచే త్రిభుజం మాత్రం రెంటికీ ఒక్కటే. ఎఫ్/2.8 దగ్గర, మీటరు దూరంలో ఆ లెన్స్‌కు తేటగా వచ్చే మందం మొత్తం రెండు సెంటీమీటర్లు. కనుపాపకు పట్టిన ఫోకస్ ముక్కు కొసకు జారితే చాలు, ముఖం పోయినట్టే. పైగా కెమెరా కొలిచే చోటు ఫైండర్‌లో గుర్తు వేసిన గడితో అచ్చంగా ఒకటి కాదు. కిటికీలు వేరు, లెన్స్ వేరు కాబట్టి దగ్గరి వస్తువుల విషయంలో గురి కాస్త పక్కకు పడుతుంది. కంటికి గురిపెడితే చెవి వెనక గోడ దొరకడం అలాగే. ఎపర్చర్‌ను ఎఫ్/5.6కి దించడం, మనిషిని మీటరున్నర ఆవల నిలబెట్టడం, నుదురు–జుట్టు కలిసే నిలువు అంచును పట్టడం, ప్రతి ఫ్రేముకూ బటన్ వదిలి మళ్లీ ఫోకస్ పట్టడం – ఇవన్నీ చేస్తే సోనార్ తన అసలు అందం చూపిస్తుంది.

ఫోకస్ పట్టి, ఆ తర్వాత ఫ్రేమును పక్కకు జరిపే అలవాటులోనూ ఒక లెక్క దాగి ఉంది. 45 మి.మీ. లెన్స్ ఎఫ్/2 దగ్గర, మీటరు దూరంలో మనిషిని నడుమన పెట్టి ఫోకస్ పట్టి, కెమెరాను 15 డిగ్రీలు తిప్పితే ఫోకస్ తలం మనిషిని దాటి సుమారు మూడున్నర సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. తేటదనం అటూ ఇటూ ఉండేది మూడు సెంటీమీటర్ల లోపే. కాబట్టి దగ్గరి ఫొటోల్లో కెమెరాను తిప్పకూడదు, నడుము నుంచి ఒరిగి కెమెరాను తిన్నగా పక్కకు జరపాలి. ఎం3లోనూ గడి నడుమే ఉంటుంది కాబట్టి అక్కడ నేర్చుకున్నది ఇక్కడ యథాతథంగా పనికొస్తుంది.

వీధిలో ఈ గొడవలన్నిటినీ ఒక్క దెబ్బతో తప్పించుకునే పద్ధతి జోన్ ఫోకస్. 28 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/8లో పెట్టి, ఫోకస్‌ను 3.3 మీటర్ల దగ్గర ఆపేస్తే, సుమారు 1.6 మీటర్ల నుంచి కనుచూపు ఆనేంత వరకు అంతా చూడదగ్గ తేటదనంతో వస్తుంది. ఇక మోటారుతో పని లేదు. క్షణం కోసం ఎదురుచూడటమే మిగులుతుంది. హెన్రీ కార్టియర్ బ్రెసాన్ లాంటివాళ్లు లైకాతో వీధుల్లో అంత చురుగ్గా కదలగలగడం వెనక, కెమెరా కంటికి ఆనకముందే దూరం పెట్టి ఉంచుకునే ఇలాంటి అలవాటే ఉంది. 1996 నాటి రికో జీఆర్1 జేబు కెమెరాలో దూరాన్ని రెండు మీటర్ల దగ్గర కట్టిపెట్టే స్నాప్ మోడ్‌ను ఇచ్చినవాళ్లకు ఈ సంప్రదాయం బాగా తెలుసు.

వయసు మీద పడటం వల్ల వచ్చే జబ్బులు వేరు. చేతితో తిప్పే రేంజ్‌ఫైండర్లలో నడుమ గడి వెలుగు తగ్గి, రెండో బొమ్మ కనీకనిపించనట్టు అవుతుంది. ఫైండర్ ముందు గాజు మీద సరిగ్గా గడి వచ్చే చోట చిన్న నల్ల టేపు ముక్క అంటిస్తే మొదటి బొమ్మ అక్కడ నల్లబడి రెండోది పైకి తేలుతుంది. చంద్రుడికి గురిపెట్టి లెన్స్‌ను అనంతం దగ్గర ఆపినప్పుడు ఇద్దరు చంద్రులు కనిపిస్తే సర్దుబాటు తప్పినట్టు. తెలిసిన మెకానిక్ దాన్ని స్క్రూడ్రైవర్‌తోనే సరిచేస్తాడు. జీ కెమెరాల పని అంత సులువు కాదు. క్యోసెరా 2005లో కాంటాక్స్ కెమెరాల నుంచి తప్పుకుంది. కొత్త ఎలక్ట్రానిక్ భాగాలు దొరకవు. అందుకే ముందు ఫోకస్ కిటికీల మీది వేలిముద్రలు, బూజు తుడవాలి. లెన్స్ వెనకున్న లోహపు చుక్కలను పొడిగుడ్డతో శుభ్రం చేయాలి.

అప్పటికీ అనుమానం తీరకపోతే బల్ల మీద కొలత టేపును ఏటవాలుగా పరచండి. మీటరు దూరంలో ఒక అంకె పక్కన నిలువుగా అగ్గిపెట్టె నిలబెట్టి, కెమెరాను ట్రైపాడ్ మీద ఉంచి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, ప్రతిసారీ కొత్తగా ఫోకస్ పట్టి అరడజను ఫ్రేములు తీయండి. నెగెటివ్‌ను భూతద్దంతో చూడండి. అన్ని ఫ్రేముల్లోనూ ఒకే వైపు, ఒకే మేరకు తప్పితే కెమెరా సర్దుబాటు పోయినట్టు, దాన్ని మెకానిక్‌కు చూపించాలి. ఒక్కోసారి ఒక్కో వైపు తప్పితే గురి దగ్గరే తేడా ఉంది. అగ్గిపెట్టె బదులు ఇంకాస్త వెడల్పైన, ముదురు రంగు అంచు ఉన్న వస్తువును పెట్టి మళ్లీ తీసి చూడండి.