కృతిభర్తయు పాత్రధారియు: రాజకీయ నాయకుల వీరాదర్శములు

కృతిభర్తను దానమున కర్ణునితోడను, శౌర్యమున అర్జునునితోడను పోల్చుట ప్రబంధకవుల కాచారము. అది స్తుతియని కవికిని, రాజునకును తెలియును. ప్రజాప్రభుత్వము వచ్చిన పిమ్మట కవి స్థానమును గోడపత్రికయు, చలనచిత్రమును ఆక్రమించినవి. పోలిక మాత్రము పోలేదు.

ఇందులకు నందమూరి తారక రామారావు చరిత్రము ప్రధానోదాహరణము. 1957లో 'మాయాబజార్'న కృష్ణుడుగను, 1963లో 'లవకుశ'న రాముడుగను ఆయన ప్రజల కన్నులలో నిలిచెను. 1977లో 'దానవీరశూర కర్ణ'కు తానే దర్శకుడై కర్ణ, సుయోధన, కృష్ణ పాత్రలు మూడింటిని ధరించెను. 1982 మార్చి 29న తెలుగుదేశము పార్టీని స్థాపించి, చైతన్యరథముపై ఊరూర తిరిగి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రి యయ్యెను. మోటారుబండికి రథమని పేరిడగనే ఎన్నికల పర్యటన దండయాత్రగ తోచినది. ఇచట కవియు, కృతిభర్తయు ఒక్కరే.

ఈ పద్ధతికి బలము కలదు: చదువురాని వారికిని పరిచితమైన పురాణభాషలో నాయకుడు మాటాడగలడు. లోపమును కలదు. కర్ణుడొసగినది తన కవచకుండలములను. కిలో రెండు రూపాయల బియ్యమున కైన వ్యయము ప్రజల పన్నులధనము. ఆ పథకము మేలైనదే. కాని దానిని దానమని తలచినచో, హక్కుగ పొందవలసినవాడు యాచకుడగును. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో ఆడుబిడ్డలకు సమానభాగ మొసగిన 1986 నాటి చట్టము ఆయన పాలనలోని ఘనకార్యము. అది ఏ పౌరాణిక పాత్రనుండియు పుట్టినది కాదు. ఓటర్లును ఈ భేదము నెరిగిరి. 1989లో ఆయన పార్టీని ఓడించిరి, 1994లో గెలిపించిరి. కృష్ణుని కిరీటము మారలేదు, తీర్పు మారినది.

వేషము లేని కీర్తికి కోలారు మండలమే సాక్షి. నేటి కోలారు బంగారు గనుల తాలూకాలోని క్యాసంబళ్ళిలో 1902లో జన్మించిన చెంగలరాయ రెడ్డి, మైసూరు సంస్థానమున బాధ్యతాయుత ప్రభుత్వమునకై పోరాడి, 1947 అక్టోబరు 25న తొలి ముఖ్యమంత్రియై 1952 వరకు పాలించెను. పిమ్మట 1965 మొదలు 1971 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగ నుండెను. మహారాజు సింహాసనముపై నుండగనే అధికారమును ప్రజాప్రతినిధుల కిప్పించిన యుద్యమమునకు నాయకుడైన వానికి పురాణపురుషుని పోలిక యవసరము కాలేదు.

అయితే పోలిక లేని కీర్తి త్వరగ మరపున పడును. కన్నడసీమలోని తెలుగు బాలురకు వెండితెర రాముడు తనంతట చేరును. క్యాసంబళ్ళి రెడ్డిగారిని పెద్దలే పరిచయము చేయవలయును. పీఠికలోని స్తుతిని విని కావ్యమును విడుచుట పాఠకునకు తగదు. నాయకుని పోలికను విని కార్యమును విచారింపకుండుట పౌరునకును తగదు.