ఫారం 2ని పాఠంగా చదివితే

దరఖాస్తు ఫారాల్ని మనం నింపుతామే గానీ చదవం. కథ చేతికొస్తే అందులో స్త్రీ ఎక్కడుందో వెతికే నేను కూడా, మూడేళ్ల కిందట అనంతపురం నుంచి బెంగుళూరు ఆసుపత్రికి వెళ్లి ఫారం 2 అందుకునేదాకా ఒక ప్రభుత్వ కాగితాన్ని అలా చదవలేదు. భర్తకో భార్యకో అవయవం ఇచ్చేవాళ్లు సంతకం చేయాల్సిన కాగితమది. మా ఆయనకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇచ్చేది నేను.

1994 నాటి అవయవ మార్పిడి చట్టం కిడ్నీల వ్యాపారాన్ని ఆపడానికి వచ్చింది. పేదల శరీరాలు సరుకైపోతున్నప్పుడు అది అవసరమే. అందుకే ఫారం నిండా డబ్బు గురించిన అనుమానం. డబ్బు గానీ, డబ్బు విలువ చేసేది గానీ తీసుకోలేదని రాసివ్వాలి. ఒత్తిడి లేదనీ రాసివ్వాలి. కానీ డబ్బు వాసన పసిగట్టే ఈ కాగితం కుటుంబం వాసన పసిగట్టగలదా?

2014 నిబంధనలు పెళ్లికి రుజువులు అడుగుతాయి. పెళ్లి సర్టిఫికెట్, పెళ్లి ఫోటో, పిల్లలెందరు, వాళ్ల వయసెంత, జనన ధ్రువపత్రాలు, కుటుంబమంతా ఉన్న ఫోటో. మా ఆల్బమ్ వానకి తడిసి అతుక్కుపోయింది. జాగ్రత్తగా ఒక ఫోటో ఊడదీశాను. తల వంచుకున్న ఇరవయ్యేళ్ల పిల్ల. ఆరోజు ఆ పిల్ల ఇష్టం ఎవరూ అడగలేదు. ఇవాళ నా ఇష్టానికి ఆ ఫోటోనే సాక్ష్యం!

వీడియో ముందు కూచోబెట్టి అడిగారు, "మీ ఇష్టంతోనే ఇస్తున్నారా?" అని. "అవును" అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆ 'అవును' ఎక్కడ తయారైందో వాళ్లు అడగలేదు. జబ్బు తెలిసిన రోజే మా అత్త నా చెయ్యి పట్టుకుని, "నువ్వుండావు కదమ్మా" అంది. మరుదులిద్దరి రక్తపరీక్ష మాటే రాలేదు. సంపాదించే మగవాళ్లట. కాలేజీలో పాఠాలు చెప్పి నేను తెచ్చే జీతం ఎవరికీ గుర్తు రాలేదు. ఇస్తానని ముందుకొచ్చిన ఇంకో మనిషి ఆడబిడ్డ.

ఇది మా ఇంటి సంగతే అయితే రాసేదాన్ని కాదు. 2023లో బయటికొచ్చిన జాతీయ సంస్థ నోటో లెక్కల ప్రకారం 1995 నుంచి 2021 వరకు 36,640 మార్పిడులు జరిగితే, అందులో 29 వేలకు పైగా పురుషులకి. స్త్రీలకి 6,945. బతికుండి ఇచ్చేవాళ్లలో మాత్రం ఎక్కువమంది ఆడవాళ్లే. 2025 ఆగస్టులో నోటో, ఎదురుచూసే స్త్రీలకి ప్రాధాన్యం ఇవ్వమని రాష్ట్రాలకి చెప్పింది. మంచిదే. అయితే అది అందుకునే వరసని సరిదిద్దే ప్రయత్నం. ఇచ్చే వరస మాటేమిటి?

నిబంధనల్లో ఒక వాక్యం నన్ను ఆపింది. దాత స్త్రీ అయితే మరింత జాగ్రత్త పడాలనీ, ఆమె స్వతంత్ర సమ్మతిని గ్రహీత కాని మరొకరు నిర్ధారించాలనీ ఉంది. అంటే, ఇంట్లో ఆడదాని 'అవును'ని అనుమానించాలని చట్టానికీ తెలుసు! కానీ ఆ 'మరొకరు' ఎవరో చెప్పదు. నా విషయంలో మా పెద్ద మరిదిని అడిగారు. రక్తపరీక్షకి రాని మనిషి నా స్వేచ్ఛకి హామీ!

నిజంగా అడిగింది మా ఆయనొక్కరే. ఓ రాత్రి, "నీకు ఇష్టం లేకపోతే చెప్పు, ఇట్లనే నెట్టుకొస్తాలే" అన్నారు. సూదులతో ఉబ్బిన ఆ చేతిని చూస్తూ 'వద్దు' అనడం ఎవరి తరం?

నేను ఇచ్చాను. ఆయన బాగున్నారు. మళ్లీ అయినా ఇస్తాను. అయినా ఈ పాఠంలో లోటు లోటే. ఆపరేషన్ ముందు ఎప్పుడైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చని ఫారంలో ఉంది. తీసుకున్న ఆడది ఏ ఇంటికి వెళ్లాలో లేదు. బంధువులెవరూ లేని గదిలో, ఒక స్త్రీ ఎదురుగా కూచుని, "నువ్వు కాదంటే మీ ఇంట్లో ఏమవుతుంది?" అని అడగాలి. కాదన్న ఆమెని కాపాడటానికి, 'వైద్యపరంగా కుదరదు' అని డాక్టరే బయటికి చెప్పాలి. 'వద్దు' అనగలిగిన చోటనే కదా 'అవును'కి విలువ!