పీఠమెక్కినవారి ధర్మము

సంఘము పెట్టుట మన గోదావరి డెల్టావారికి క్రొత్తవిద్య కాదు. గ్రంథాలయమునకొకటి, నాటకములకొకటి, కొబ్బరివర్తకులకొకటి, ఆలయోత్సవములకొకటి. పాలకొల్లులో ఏ వీధిని నడచినను ఏదో యొక సంఘపు నామఫలకము కంటబడక మానదు. అట్టి సంఘములకు అధ్యక్షులగుట ఊరివారు మనసార చేయు గౌరవము. కాని ఇంటిలో దెబ్బలుతిని, కట్టుబట్టలతో బయటపడిన స్త్రీకి అండగా నిలుచు సంఘమునకు పెద్దగా కూర్చుండుట వేఱొక సాధన. అందు సన్మానమునకు తావు తక్కువ, జాగరూకతకు పని యెక్కువ. అట్టి చిన్న సంఘమొకదాని కార్యవర్గములో కొంతకాలముగా పనిచేయుచున్నదానను గనుక, ఆ సాధననుగూర్చి నాకు తోచిన నాలుగు మాటలు ఈ వారము విన్నవించెదను.

అవసరమెంతటిదో ముందు చెప్పవలెను. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రమున 18 మొదలు 49 ఏండ్లలోపు వివాహితలలో నూటికి సుమారు 30 మంది భర్తచేతి హింసను ఎఱిగినవారేయని తేలినది. ఇది ఏ యొక్క కులమునకో, పేదఱికమునకో పరిమితమైన సంగతి కాదు. మన ప్రాంతపు ఆడపిల్లలు రెండు దారులలో దూరదేశములకు పోవుచున్నారు: ఒకరు పెండ్లిపల్లకిలో అమెరికాకు, వేఱొకరు అప్పుల బరువుతో నరసాపురము, రాజోలు, పాలకొల్లు పల్లెలనుండి ఇంటిపనికై కువైట్, మస్కట్‌లకు. మొదటియామె ఆ దేశములో నిలుచు హక్కే భర్త వీసాపై ఆధారపడియుండును. రెండవయామె బ్రతుకు యజమాని చేతిలోని పాస్‌పోర్టుపై ఆధారపడియుండును. ఇరువురికిని ఆపదవేళ తలుపు తట్టుటకు ఇరుగుపొరుగు లేరు.

ఈ కొఱతను గుర్తించి ప్రవాస స్త్రీలే పూనుకొని నిలిపిన సంస్థలు నేడు ప్రసిద్ధములు. 1979లో లండనున సౌథాల్ బ్లాక్ సిస్టర్స్, 1985లో న్యూజెర్సీలో మానవి, 1989లో న్యూయార్కున సఖి, 1991లో కాలిఫోర్నియాలో మైత్రి, మఱుసటి యేట నారిక వెలసినవి. మన భాషలోను ఆ కృషి తక్కువది కాదు. నరసాపురము చెంత సీతారామపురమున పుట్టిన కొండవీటి సత్యవతిగారు హైదరాబాదున భూమిక పత్రికను నడపుచు, 2006లో ఆ పేరనే స్త్రీలకొఱకు హెల్ప్‌లైను నెలకొల్పిరి. ఇట్టి సంస్థ ఆవేశముతో పుట్టవచ్చును, ఆవేశముతో నిలువదు. పదియేండ్ల పిమ్మట అర్ధరాత్రివేళ మ్రోగిన ఫోనును ఎత్తువారుండవలెనన్నచో, ఆ గదికి అద్దె, ఆ యెత్తినయామెకు జీతము, ఆమె విన్న మాటకు గోప్యత, ఈ మూడును ఎవరో యొకరు ప్రతినెలయు కాపాడుచు రావలెను. ఆ కాపాడువారే కార్యవర్గము.

కార్యవర్గపు ధర్మములలో మొదటిది గోప్యత. పాలకొల్లు క్షీరారామలింగేశ్వరుని ఆలయమునకు ధర్మకర్తయైనవాడు స్వామివారి నగలకు కావలియే గాని, వానిని తాను ధరించువాడు కాడు. అట్లే ఆపన్నస్త్రీల కథలు కార్యవర్గమునకు అప్పగింపబడిన నిక్షేపములే గాని, సభలలో వినిపించుటకు సొంత సొమ్ములు గావు. మా సమావేశమున పేర్లు వినబడవు. ఈ నెల ఎందఱు వచ్చిరి, ఎందఱికి ఆశ్రయము దొరకెను, ఎన్ని వ్యాజ్యములు నడచుచున్నవి అను లెక్క మాత్రమే మా ముందుకు వచ్చును. పాలకొల్లువంటి ఊరిలో ఒకరి మేనత్త మఱియొకరి వియ్యపురాలు. ఉదయము పలికిన పేరు సాయంకాలమునకు సంతకు చేరును. కావుననే, విచారణలోనున్న కుటుంబముతో బంధుత్వమో వ్యాపారమో గల సభ్యుడు ఆ చర్చ జరుగునపుడు లేచి వెలుపలికి పోవలెనను నియమము వ్రాతలో నుండవలెను. అమెరికాలో 1994 నాటి స్త్రీహింసా నిరోధ చట్టము క్రింద నిధులు పొందు సంస్థలు బాధితురాలి వ్రాతపూర్వక సమ్మతి లేక ఆమె వివరములను వెల్లడింపరాదని శాసనమే నిర్దేశించినది. మన యొద్ద శాసనము చెప్పనిచోట్లను మనస్సాక్షి ఆ మాటయే చెప్పుచున్నది.

రెండవది, పెద్దఱికమును అదుపులో నుంచుకొనుట. అధ్యక్షులకు ఊరిలో పలుకుబడి యుండును గనుకనే భర్త పక్షపువారు తిన్నగా వారి యింటికే వత్తురు. “మేడమ్ గారూ, పరువు గల కుటుంబమండీ, పెద్దమనుషుల్లో కూచోబెట్టి తేల్చేద్దామండీ” అని మృదువుగనే అందురు. ఆ మృదుత్వమునకు లొంగి అధ్యక్షురాలు తగవు తీర్చుటకు కూర్చుండినచో, సంఘము ఆ క్షణముననే మఱియొక పంచాయితీ యగును, వచ్చిన స్త్రీ ఏ గుమ్మమునుండి పాఱిపోయివచ్చెనో ఆ గుమ్మమునకే చేరును. 2005 నాటి గృహహింస నిరోధ చట్టము ఇట్టి సంఘములకు స్పష్టమైన స్థానమునే యిచ్చినది. రాష్ట్రప్రభుత్వముచే సేవాసంస్థగా నమోదైన సంఘము, ఆమె కోరినచో జరిగిన హింసనుగూర్చి నివేదిక వ్రాయవచ్చును, వైద్యపరీక్ష చేయింపవచ్చును, ఆశ్రయము చూపవచ్చును. సద్భావముతో చేసిన ఆ పనులకై సంఘమును కోర్టుకీడ్వకుండ రక్షణయు కలదు. తీర్పు చెప్పు అధికారము మాత్రము ఆ చట్టము మనకు ఈయలేదు, ఈయకుండుటయే మేలు. ఆమె తిరిగి వెళ్లవలెనో వెళ్లరాదో నిర్ణయించుకొనవలసినది ఆమెయే.

ఈ సందర్భమున దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారి బాల్యఘటన యొకటి మననము చేయదగినది. 1909లో రాజమహేంద్రవరమున జనించిన ఆమె, 1923 నాటి కాకినాడ కాంగ్రెసు సందర్భమున ఖద్దరు ప్రదర్శనశాల ద్వారముకడ స్వచ్ఛంద సేవికగా నిలిచి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే ఆపివేసిరి. నిర్వాహకులు కోపించినను తన విధి అదియేయని పలికి, టిక్కెట్టు తెచ్చిన పిమ్మటనే లోనికి పంపిరి. పదునాలుగేండ్ల ఆ బాలిక చూపిన నిష్ఠయే, 1937లో మద్రాసున ఆంధ్ర మహిళా సభను నెలకొల్పుటకును, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలై దేశమునందలి స్వచ్ఛంద సంస్థలకు సహాయధనము పంచుటకును ఆమెను అర్హురాలిని చేసినదని నా నమ్మకము. నియమము పెద్దకును ఒకటియే, పిన్నకును ఒకటియే. మా ఆశ్రయగృహము ఎచటనున్నదో చూచిపోదునని భూరిదాత యడిగినను, “క్షమింపుడు, చూపజాలము” అని చేతులు జోడించుట కార్యవర్గమునకు కఠినపరీక్ష. ఆ పరీక్షలో నెగ్గని సంఘమునకు విరాళములుండవచ్చును గాని విశ్వాసముండదు.

మూడవది లెక్క. కరుణ గలవారికి లెక్కలు విసుగు పుట్టించును. లెక్కలు తప్పినచో ఆ కరుణకే కళంకము వచ్చును. 2001 నాటి మన రాష్ట్రపు సంఘముల చట్టము క్రింద వార్షిక సభ, కార్యవర్గపు జాబితా, తనిఖీ చేయించిన జమాఖర్చులు తప్పనిసరి. విదేశములనుండి వచ్చు ధనము విషయమున మఱింత మెలకువ వలయును. భారత పౌరసత్వము నిలుపుకొన్నవారు తమ స్వార్జితమునుండి ఇచ్చునది విదేశీ విరాళము కాదు. పౌరసత్వము మార్చుకొన్నవారు ఇచ్చినచో, వారి తాతముత్తాతలు ఈ పాలకొల్లువారేయైనను, అది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళముల చట్టము క్రింద అనుమతి లేక దానిని ముట్టరాదు. అనుమతి యున్నను, 2020 సవరణ పిమ్మట అది ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధానశాఖలోని ఖాతాకే రావలెను. మన పిల్లలే కదాయని తీసికొన్న సొమ్ము, మంచి సంఘమును మూయించుటకు చాలిన కారణము కాగలదు.

నాల్గవది, పీఠము దిగుట. 1881 డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిన కందుకూరి వీరేశలింగముగారికి, వంటవారును నీరు తెచ్చువారును దూరమైనపుడు, వారి సతీమణి రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినీరు మోసి వండిపెట్టిరి. ఆ దంపతుల త్యాగమును మనము పలుమాఱు కీర్తింతుము. కాని పంతులుగారి దూరదృష్టిని కీర్తించుట తక్కువ. తమ పిదప ఈ పని నిలువవలెనని వారు హితకారిణీ సమాజమును ఏర్పఱచి, తమ ఆస్తిని దానికి వ్రాసియిచ్చిరి. తాము లేకున్నను సాగునట్లు పనిని అమర్చుటయే నాయకత్వమునకు పరమార్థము. ఒకరే పదునైదేండ్లు అధ్యక్షులుగా నుండుట ఆ వ్యక్తి భక్తికి నిదర్శనము కావచ్చును. సంఘపు ఆరోగ్యమునకు మాత్రము కాదు. పదవికాలము నియమావళిలో నుండవలెను; ఒకనాడు సహాయమునకై వచ్చి, తన కాళ్లమీద తాను నిలిచిన స్త్రీకి, ఆమె యిష్టపడినచో, ఆ కార్యవర్గములో ఆసనముండవలెను. దయతో ఇచ్చు చోటుగా గాక, అనుభవమునకు దక్కవలసిన స్థానముగా అది యుండవలెను. ఆశ్రయగృహపు తలుపునకు లోపల గడియ ఉండవలెనా, బయట గడియ ఉండవలెనా అను ప్రశ్న మాలో ఎవరికిని తోచకపోవచ్చును, ఆమెకు తోచకమానదు.

పై నాలుగింటికిని ఆధారమైన మఱొక కర్తవ్యము కలదు: పనిచేయువారిని కాపాడుట. దినమంతయు ఇతరుల దుఃఖము వినుచు కూర్చుండు ఉద్యోగినికి సకాలమున జీతము, వారమునకొక విశ్రాంతిదినము, బెదిరింపులు వచ్చినపుడు పోలీసుస్టేషనుకు తోడుగా నడచు సభ్యుడు, వీనిని సమకూర్చని కార్యవర్గము ఎన్ని తీర్మానములు చేసినను నిష్ఫలము. మీటింగులో కుర్చీ వేసికొని ఆమె పనిని పరీక్షించుట సులభము. ఆమె పనికి కావలసినవి సమకూర్చుటయే మా పని.

డెల్టాలోని సంపన్నులకును, సముద్రములు దాటి స్థిరపడిన మన బిడ్డలకును నా విన్నపము ఇదియే. ఇట్టి సంఘమునకు మీరు దానమిచ్చునపుడు భవనముపై శిలాఫలకమును గాక, ఒక ఉద్యోగిని జీతమును, ఒక యేటి అద్దెను తలపోయుడు. కార్యవర్గములో చేరుమని మిమ్ము ఎవరైన పిలిచినచో, పదవి యేమని యడుగుటకు ముందు నియమావళిని, నిరుటి జమాఖర్చులను, గోప్యతానియమమును చూపుమని అడుగుడు. ఆ మూడును ఉన్నచో నిశ్చింతగా చేరుడు. లేనిచో చేరి, వానిని కల్పింపుడు. మీ వీధిలో ఏ యాడకూతురి కేక వినబడినను, 181 అను మహిళా హెల్ప్‌లైను ఏ వేళనైనను పలుకునని ఆమెకు చెప్పుడు. చెప్పితిమని మఱియెవ్వరికిని చెప్పకుడు.